పాత త్రీ నాట్ త్రీని పిల్లలతో కలిసి బాగుచేయడం: ఇషాపూర్ రైఫిల్‌కు సమగ్ర మార్గదర్శి

బ్యాంకు గుమ్మం దగ్గర, పోలింగ్ కేంద్రం దగ్గర కానిస్టేబుల్ భుజానికి వేలాడే పొడవాటి చెక్క తుపాకీ మా తరం వాళ్ళందరికీ తెలుసు. త్రీ నాట్ త్రీ అంటే చాలు, ఇంకో పేరు అక్కర్లేదు. కాగితాల మీద అది షార్ట్ మ్యాగజైన్ లీ-ఎన్‌ఫీల్డ్, నంబర్ 1 మార్క్ 3 స్టార్. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో తయారైనట్టే కోల్‌కతాకు ఎగువన హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలోనూ తయారైంది. సైన్యానికి అక్కర్లేకపోయాక వాటిలో చాలా మిగులు సరుకుగా ఓడలెక్కి అమెరికా చేరాయి. ఇక్కడి తుపాకుల దుకాణాల్లో, వెనక వరసలో, గ్రీజు పట్టి దుమ్ము కొట్టుకుపోయి ఇప్పటికీ కనిపిస్తుంటాయి.

నేను టెక్సస్‌లో ఉంటాను. మా అమ్మాయికి పదమూడేళ్ళు వచ్చాక అలాంటిదొకటి కొని, ఇద్దరం కలిసి బాగుచేశాం. పనంతటికీ ఒకే నియమం పెట్టుకున్నాం: తీసేశాక తిరిగి పెట్టలేనిది ఏదీ తీయకూడదు. గ్రీజు తీయవచ్చు, ఎర్ర తుప్పు తీయవచ్చు. చెక్క మీది గాట్లు, ముద్రలు, ఏళ్ళ తరబడి చేతులు తగిలి అరిగిన నునుపు తీయకూడదు. కొత్త తుపాకీలా తళతళలాడించాలనుకునేవారు కొత్త తుపాకీనే కొనుక్కోవడం మేలు.

ముందు చట్టం

వీసా మీద ఉన్నవారు ఇక్కడే ఆగాలి. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాతో అమెరికా వచ్చినవారి దగ్గర తుపాకీగానీ తూటాలుగానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, బి-2 అన్నీ ఆ కోవలోవే. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. కానీ గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవారు ఒక పాత తుపాకీ కోసం ఆ సందుల్లో దూరడం తెలివితక్కువ పని అనే నా అభిప్రాయం. పిల్లలు ఇక్కడే పుట్టిన పౌరులైనా, తండ్రి హెచ్-1బి మీద ఉంటే పరిస్థితి మారదు. తుపాకీ ఉండేది తండ్రి ఇంట్లోనే కదా. గ్రీన్ కార్డు వచ్చాక మొదలుపెట్టండి. అనుమానం ఉంటే న్యాయవాదిని అడగండి, మిత్రుల్ని కాదు.

సెలవులకు వచ్చిన తాతగారు పోలీసు శాఖలో పనిచేసి రిటైరైనవారైతే ఈ చట్టం మరీ విచిత్రంగా కనిపిస్తుంది. ఉద్యోగకాలమంతా ఈ తుపాకీనే మోసిన మనిషి, బి-2 వీసా మీద ఉన్నందుకు, దాన్ని చేతిలోకి తీసుకోకపోవడమే మంచిది. పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. పిల్లలకు ఆయన చెప్పే సంగతులు ఏ పుస్తకంలోనూ దొరకవు.

కొనుగోలు సంగతికి వస్తే, లైసెన్సు ఉన్న దుకాణంలో 4473 నంబర్ ఫారం నింపి, నేపథ్య తనిఖీ పూర్తయ్యాక తీసుకోవడం మామూలు పద్ధతి. యాభై ఏళ్ళు దాటిన తుపాకులను ఇక్కడి చట్టం పురాతన సేకరణ వస్తువులుగా చూస్తుంది. వాటి కోసం సేకర్తలకు వేరే లైసెన్సు ఉంది. మూడేళ్ళకు 30 డాలర్లు. ఒక్క తుపాకీ కోసమైతే అది అక్కర్లేదు. పిల్లల విషయంలో రాష్ట్రానికో చట్టం. టెక్సస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లలకు, పెద్దల పర్యవేక్షణ లేకుండా, గుండ్లు నింపిన తుపాకీ అందేలా వదిలేయడం నేరం. మీ రాష్ట్రపు నిబంధన చదివాకే పని మొదలుపెట్టండి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. మన దేశంలో .303 నిషిద్ధ బోరు. మామూలు పౌరులకు లైసెన్సు ఇవ్వరు.

ఏది కొనాలి, ఏది వదిలేయాలి

తూటాను లోపలికి తోసి వెనకనుంచి మూసే ఉక్కు కడ్డీ బోల్టు. దుకాణంలో తుపాకీని చేతికి తీసుకోగానే దాని పిడి వెనకవైపు చూడండి. అక్కడున్న నంబరు, బోల్టు జారే ఉక్కు చట్రం, అంటే రిసీవర్, మీది నంబరు ఒకటే అయి ఉండాలి. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టును ఫ్యాక్టరీలో ఒక్కో తుపాకీకి విడిగా సరిపెట్టేవారు. దీని బోల్టు దానికి, దానిది దీనికి వేస్తే బయటికి బాగానే మూసుకుంటుంది, లోపల మాత్రం తూటాకు కావలసిన కొలత తప్పవచ్చు.

డి.పి. అనే అక్షరాలు కొట్టి ఉంటే అది కవాతుకు మాత్రమే వాడిన తుపాకీ, పేల్చడానికి పనికిరాదని అర్థం. ఇ.వై. అని ఉంటే గ్రెనేడ్లు విసరడానికి వాడినది. ముందుభాగం చుట్టూ తీగ చుట్టి ఉండటం కూడా ఆ పనికే. రెండూ గోడకు బాగుంటాయి, మన పనికి వద్దు. మ్యాగజైన్‌లో చెక్క దిమ్మ బిగించి ఉంటే అది పోలీసుల కోసం .410 మస్కెట్‌గా మార్చినది. గొట్టంలో గాడులు ఉండవు, ఒకసారికి ఒకే తూటా.

మ్యాగజైన్ చదరంగా, పెట్టెలా కనిపిస్తే అది వేరే తుపాకీ. 1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్ ఇదే నమూనాను మరింత గట్టి ఉక్కుతో 7.62 తూటాకు మార్చింది. 2ఏ, 2ఏ1 అనేవి అవే. మ్యాగజైన్‌లో పన్నెండు తూటాలు పడతాయి. మంచి తుపాకీలే. వాటిలో .303 తూటా, .303లో వాటి తూటా వేయకూడదన్నది పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

ముందు చెక్కను సగానికి కోసేసి వేట తుపాకీగా మార్చినవి చవకగా దొరుకుతాయి. కోసిన చెక్కకు బదులు పాత చెక్క వెతికి తెచ్చేసరికి ఆ చవక కాస్తా ఖరీదవుతుంది.

మొదటి పని చదవడం

పనిముట్లు తీయకముందు ఒక సాయంత్రమంతా ముద్రలు చదవడానికే కేటాయించండి. భుజానికి ఆనించే వెనక చెక్క, అంటే బట్, మొదలయ్యేచోట చుట్టూ ఉండే ఉక్కు పట్టీ కుడివైపున భూతద్దం పెట్టి చూడాలి. బ్రిటిష్ కాలంనాటిదైతే కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. అక్షరాలు, ఇషాపూర్ పేరు, సంవత్సరం, నమూనా పేరు కనిపిస్తాయి. స్వాతంత్ర్యం తర్వాతిదైతే కిరీటం స్థానంలో అశోకుడి సింహాలు, ఆర్.ఎఫ్.ఐ. అక్షరాలు. బాణం గుర్తు కింద ఐ అక్షరం ఉంటే భారత ప్రభుత్వపు సొత్తు అని. దిగుమతిదారు పేరు కూడా ఎక్కడో ఒకచోట చెక్కి ఉంటుంది. అది అందంగా ఉండదు, అయినా ముట్టుకోకూడదు. సీరియల్ నంబరును చెరపడం ఫెడరల్ నేరం.

మాది 1942 నాటిది. మా అమ్మాయి భూతద్దం దించకుండానే అడిగింది: “జలియన్‌వాలా బాగ్‌లో కాల్చింది దీంతోనా నాన్నా?”

మన పిల్లలు ఈ ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. 1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో డయ్యర్ వెంట ఉన్న యాభై మంది సిపాయిలు 1,650 తూటాలు కాల్చారు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి .303 లీ-ఎన్‌ఫీల్డ్‌లే. మా దాని మీద ఉన్న సంవత్సరం మాత్రం ఇది అక్కడ లేదని కచ్చితంగా చెబుతుంది. 1942లో తయారైనది బర్మాకు వెళ్ళి ఉండవచ్చు, 1947-48లో కశ్మీరుకు వెళ్ళి ఉండవచ్చు, 1962లో ఈశాన్య సరిహద్దులో మంచులో ఉండి ఉండవచ్చు, లేదా ఏదో జిల్లా పోలీసు ఆయుధాగారంలో గొలుసు వేసి ముప్పై ఏళ్ళు ఊరికే నిలబడి ఉండవచ్చు. వీటిలో ఏది నిజమో తుపాకీ చెప్పదు. ముద్ర చెప్పినంతవరకే నోటుపుస్తకంలో రాసుకోమన్నాను. అమ్మేవాడు చెప్పే వీరగాథలకు అందులో చోటులేదు.

పనిచోటు, పనిముట్లు

ఒక్క తూటా కూడా ఈ పని జరిగే గదిలోకి రాకూడదు. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచండి. పాత గ్రీజులో, పాత రంగులో, గొట్టంలోని మసిలో సీసం ఉండవచ్చు. పిల్లల ఒంటికి అది పెద్దల కన్నా ఎక్కువ చెరుపు. కాబట్టి ఇద్దరికీ నైట్రైల్ తొడుగులు, కంటికి అద్దాలు. పని అయ్యేవరకు తినుబండారాలు దగ్గరికి రాకూడదు. లేవగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పొడిగా గీకడం, రుద్ది దుమ్ము లేపడం అసలు వద్దు.

పనిముట్లలో డబ్బు పెట్టాల్సింది ఒక్కటే, గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్లు. మామూలు స్క్రూడ్రైవర్ కొన ఏటవాలుగా ఉంటుంది, జారి స్క్రూ తలను చెక్కేస్తుంది. తుపాకుల పనికి అమ్మేవాటి కొన సమానంగా ఉంటుంది. ఈ స్క్రూల మరలు ఎన్‌ఫీల్డ్ సొంత కొలతలవి. ఒకటి పోతే వీధి చివరి హార్డ్‌వేర్ దుకాణంలో దొరకదు. మిగతావి ఇంట్లో ఉండేవే: నాలుగు సున్నాల స్టీల్ ఊల్, పాత దంతాల బ్రష్‌లు, నూలు గుడ్డలు, మినరల్ స్పిరిట్స్, తేలికపాటి తుపాకీ నూనె, అవిసె నూనె, గొట్టానికి కడ్డీ, ఇత్తడి బ్రష్. స్క్రూలకు కోడిగుడ్ల అట్ట కన్నా మంచి పెట్టె లేదు. ఒక్కో గుంటలో ఒక్కో స్క్రూ వేసి, పక్కన పిల్లలచేత పేరు రాయించండి. ప్రతి దశలో ఫోనుతో ఫొటో తీసే బాధ్యత కూడా వాళ్ళదే.

విప్పడం

1. ట్రిగ్గర్ గార్డు లోపల ముందువైపు ఉన్న చిన్న మీటను నొక్కి మ్యాగజైన్ తీయండి. బోల్టు వెనక్కి లాగి, గొట్టం వెనక తూటా ఉండే గది ఖాళీగా ఉందో లేదో కంటితో చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. తర్వాత పిల్లలు కూడా అదే చేయాలి. తుపాకీని బల్ల మీదకు తీసుకున్న ప్రతిసారీ ఇద్దరూ ఇది చేయాల్సిందే.

2. బోల్టును పూర్తిగా వెనక్కి లాగి, దాని తలను కుడివైపు నుంచి పైకి ఎత్తితే టక్కున విడుతుంది. అప్పుడు బయటికి లాగేయవచ్చు. బోల్టు లోపలి సూదిని విప్పడానికి ప్రత్యేక పనిముట్టు కావాలి. దాని జోలికి పోవద్దు, ద్రావకంలో ముంచి కడిగితే చాలు.

3. గొట్టం కొసన ఉన్న బరువైన ఉక్కు తొడుగు స్క్రూలు విప్పి, ముందుకు జరపండి. కదలకపోతే చెక్క సుత్తితో అటూ ఇటూ మెల్లగా తట్టండి.

4. మధ్య పట్టీ విప్పాక పైచెక్కలు వస్తాయి. వెనక పైచెక్కను స్ప్రింగు పట్టులు పట్టుకుని ఉంటాయి. రెండు వైపులా సమానంగా ఎత్తాలి. ఒక పక్కనుంచి లాగితే దాని చెవులు విరుగుతాయి. పాతవాటిలో చాలా ఇక్కడే విరిగి ఉంటాయి.

5. ట్రిగ్గర్ గార్డు స్క్రూలు తీయండి. ట్రిగ్గర్ కూడా దానితోనే వస్తుంది. కింది చెక్క మధ్యలో స్ప్రింగుతో ఉన్న స్క్రూ ఒకటి ఉంటుంది, దాన్నీ తీయాలి.

6. ఇప్పుడు కింది పొడవాటి చెక్కను, ఫోర్‌ఎండ్‌ను, రెండు చేతులతో సమంగా కిందికి దించండి. ముందు గార్డు స్క్రూ రంధ్రంలోంచి చిన్న ఉక్కు గొట్టం, కొస దగ్గర బుల్లి స్ప్రింగు, దాని మేకు జారిపడతాయి. పిల్లలు కింద గుడ్డ పట్టుకుని సిద్ధంగా ఉండాలి.

7. బట్ తీయడం అన్నిటికన్నా చివర.

ఈ ఏడో మాట దగ్గర కాస్త నిలబడాలి. లోపల బట్‌ను పట్టి ఉంచే పొడవాటి బోల్టు ఉంటుంది. దాని చదరపు కొన ఫోర్‌ఎండ్ వెనక భాగంలో ఉన్న చిన్న రేకులో ఇరుక్కుని ఉంటుంది, అది తనంత తాను వదులు కాకుండా. ఫోర్‌ఎండ్ తీయకుండా ఆ బోల్టును తిప్పితే చదరపు కొన కూడా తిరిగి, చెక్కను లోపలినుంచి చీల్చేస్తుంది. తొందరపడి ముందు బట్ తీసేవారి చేతుల్లో నూరేళ్ళ చెక్క ఒక్క నిమిషంలో పోతుంది.

బట్ వెనక ఇత్తడి పలక మీద చిన్న తలుపు ఉంటుంది. దాన్ని తెరిచే అవకాశం పిల్లలకే వదలండి. అదృష్టం ఉంటే లోపల ఇత్తడి నూనె సీసా, గొట్టం శుభ్రం చేసే బరువుతాడు సిపాయి పెట్టినట్టే ఉంటాయి. మా దాంట్లో తాడు లేదు, సీసా ఉంది. మూత తిప్పితే సన్నని చెంచా లాంటి పుల్ల దానితోపాటు బయటికి వచ్చింది, కొసన గట్టిపడిన నూనె చుక్కతో. ఆ చుక్కను కడగవద్దని మా అమ్మాయి పట్టుబట్టింది. కడగలేదు.

గ్రీజు

నిలవ ఉంచడానికి పూసిన గ్రీజు ఏళ్ళు గడిచేకొద్దీ మైనంలా గడ్డకడుతుంది. లోహం మీద సులువు: మినరల్ స్పిరిట్స్‌లో గుడ్డ ముంచి తుడవడం, మూలల్లో బ్రష్‌తో రుద్దడం. చెక్కలోకి ఇంకినది మాత్రం వేడికే కదులుతుంది. టెక్సస్ ఎండాకాలం ఇక్కడ ఉపకారం చేస్తుంది. చెక్కను పాత వార్తాపత్రికల్లో చుట్టి, నల్ల చెత్తసంచిలో పెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఉంచండి. గంటకోసారి తీసి, చెమటలా పైకి వచ్చిన గ్రీజును తుడిచి, కొత్త కాగితం చుట్టాలి. పేపరుకు మరక అంటడం మానేవరకు. ఓవెన్ శుభ్రం చేసే రసాయనాలు త్వరగా పనిచేస్తాయి, చెక్కలోని జీవం కూడా త్వరగానే తీస్తాయి. గిన్నెలు తోమే యంత్రంలో పెట్టేవారు కూడా ఉన్నారు; వాళ్ళ గురించి మాట్లాడుకోవద్దు.

తుప్పు

ముందు ఏది తుప్పో ఏది రంగో తేల్చుకోండి. ఇషాపూర్ తుపాకులు చాలావాటికి సేవాకాలంలోనే నల్ల రంగు పూశారు. అది గట్టిగా ఉన్నచోట వదిలేయడమే సరి, అదీ చరిత్రలో భాగమే. పైపై ఎర్ర తుప్పుకు నూనె తడిపిన నాలుగు సున్నాల స్టీల్ ఊల్‌తో మెల్లగా, ఒకే దిశలో రుద్దాలి. గుడ్డ మీద ఎరుపు బదులు నలుపు రావడం మొదలైతే ఆపేయాలి.

చిన్న భాగాలకు ఇంకా మంచి మార్గం ఉంది, పిల్లలకు రసాయన శాస్త్రం కూడా వస్తుంది. స్క్రూలు, పట్టీలు, కొక్కేలు నూనె లేకుండా కడిగి, డిస్టిల్డ్ నీళ్ళలో పది పదిహేను నిమిషాలు మరిగించండి. వంటకు వాడని పాత గిన్నెలో, ఇంటి బయట పొయ్యి మీద. ఎర్ర తుప్పు ఆ వేడినీళ్ళలో నల్లటి మాగ్నటైట్‌గా మారుతుంది. ఎర్రది ఇనుమును తింటుంది, నల్లది కాపాడుతుంది. ముంచినప్పుడు ఇటుక రంగులో ఉన్న కొక్కెం చూస్తుండగానే అంచులనుంచి నల్లబడుతూ వస్తుంది. తీసి, ఆరాక, నూనె లేని స్టీల్ ఊల్‌తో పైపొడిని దులిపి, వెంటనే నూనె పూయాలి. గుంటలు పడినచోట గుంటలు ఉంటాయి. వాటిని అరగదీయవద్దు.

చెక్క

గరుకు కాగితం ఇంట్లో ఉంటే ఈ కొద్ది రోజులూ దాచేయండి. చెక్క మీద తనిఖీ ముద్రలు, నంబర్లు పైపొరలోనే ఉంటాయి, నాలుగు రుద్దులకు పోతాయి. ముద్ర పోయిన చెక్క ఏ తుపాకీదైనా కావచ్చు.

లోతైన నొక్కులకు ఆవిరి పెట్టవచ్చు. తడిగుడ్డను నాలుగు మడతలు పెట్టి నొక్కు మీద వేసి, వేడి ఇస్త్రీపెట్టె కొసతో కొద్ది క్షణాలు ఒత్తితే, నలిగిన నారలు ఆవిరి పీల్చి పైకి లేస్తాయి. నారలు తెగిన గాటు మాత్రం లేవదు. ముద్రల దగ్గర ఇది చేయవద్దు. ఇషాపూర్ చెక్కల్లో కొన్నిటికి అడ్డంగా ఒక స్క్రూ బిగించి ఉంటుంది. అది ఎవరో చేసిన చిల్లర మరమ్మతు కాదు, చెక్క చీలకుండా ఫ్యాక్టరీలోనే వేసినది, కనుక ఉంచేయండి.

తర్వాత అవిసె నూనె. సిపాయిలు వాడింది పచ్చి నూనె. ఆరడానికి రోజులు పడుతుంది. దుకాణాల్లో మరిగించినదనే పేరుతో దొరికేదాంట్లో త్వరగా ఆరే లోహ లవణాలు కలుపుతారు, ఒక రోజులో ఆరుతుంది. ఏదైనా సరే అరచేతిలో కొద్దిగా వేసుకుని, చెక్క వేడెక్కేదాకా రుద్ది, పావుగంట తర్వాత మిగిలినదంతా తుడిచేయాలి. మందంగా పూస్తే జిగటగా ఉండిపోతుంది. పలుచని పూత, ఆరనివ్వడం, మళ్ళీ పలుచని పూత. పిల్లలు విసుగు లేకుండా చేసే పని ఇదే.

ఇక్కడొక ప్రమాదం ఉంది. అవిసె నూనె తడిసిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే, ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకుంటాయి. గ్యారేజీలు తగలబడ్డాయి. ప్రతి గుడ్డనూ బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళు నింపిన లోహపు డబ్బాలో వేసి మూతపెట్టండి.

గొట్టం

ఎప్పుడూ వెనకనుంచి ముందుకు. ద్రావకం తడిపిన ఇత్తడి బ్రష్, తర్వాత గుడ్డ పీలికలు. నల్లగా వస్తే మసి, ఆకుపచ్చగా వస్తే రాగి. తెల్లగా వచ్చేవరకు సాగదీయాలి. ఒక్క సాయంత్రంలో అవదు. చివర దీపం పెట్టి చూస్తే గాడులు పదునుగా మెలికలు తిరుగుతూ కనిపించాలి. కాస్త మసకగా ఉన్నా నిరాశపడక్కర్లేదు. పాత తూటాల అడుగున నిప్పు పుట్టించే మందు ఉప్పు మిగిల్చేది, సిపాయిలు మరిగే నీళ్ళు పోసి కడిగేవారు. అందరూ కడిగేవారు కాదన్నది గొట్టం చూస్తేనే తెలుస్తుంది.

బిగించడం, పరీక్ష చేయించడం

విప్పిన క్రమానికి తలకిందులు: ముందు బట్, తర్వాత ఫోర్‌ఎండ్. బట్ బోల్టు చదరపు కొన రేకులోకి సరిగ్గా దిగే కోణంలో ఆగాలి. ఫోర్‌ఎండ్ వెనక అంచు రిసీవర్‌ను గట్టిగా ఆనుకోవాలి. అక్కడ సందు ఉంటే పేల్చినప్పుడు చెక్క చీలుతుంది. బుల్లి స్ప్రింగు మరచిపోలేదు కదా?

బిగించడంతో ఇంట్లో చేసే పని అయిపోయింది. పేల్చడానికి ముందు తుపాకులు బాగుచేసే, అనుభవమున్న గన్‌స్మిత్‌కు చూపించి తీరాలి. బోల్టు ముఖానికీ, తూటా అంచు ఆనుకునే గొట్టం వెనక అంచుకూ మధ్య దూరాన్ని ఆయన గేజ్‌లతో కొలుస్తారు. .303కు 0.064 అంగుళాల గేజ్ మీద బోల్టు మూసుకోవాలి, 0.074 దాని మీద మూసుకోకూడదు. రిసీవర్‌లో చీలికలు, గొట్టం కొస, ట్రిగ్గర్ పట్టు కూడా చూస్తారు. పిల్లలను వెంట తీసుకెళ్ళండి. ఆయన వద్దంటే ఆ తుపాకీ పేల్చేది కాదు, అంతే. అప్పుడు కూడా చేసిన పని వృథా కాలేదు, గోడ మీద పెట్టుకోవచ్చు.

పేల్చడం, దాచడం

తూటాలు కొత్తవే కొనండి. చవకగా దొరికే పాత మిగులు తూటాలు, ముఖ్యంగా కె.ఎఫ్. ముద్ర ఉన్నవి, గొట్టంలో ఉప్పు మిగులుస్తాయి, కొన్ని ఆలస్యంగా పేలతాయి. ఈ తుపాకీ బరువు నాలుగు కిలోల దాకా ఉంటుంది, భుజాన్ని గట్టిగానే తంతుంది. పిల్లలకు మొదటి తుపాకీ .22 అయి ఉండాలి. నియమాలు చేతికి అలవాటయ్యాకే దీని దగ్గరికి, అదీ రేంజ్‌లో, చెవులకూ కళ్ళకూ రక్షణతో, ఒకసారికి ఒకే తూటా నింపి. బల్ల మీద ఇసుక సంచి వేసి ఆనించి కాలిస్తే భుజం తప్పించుకుంటుంది.

ఇంటికి రాగానే గొట్టం కడిగి, ఆరబెట్టి, పలుచగా నూనె పూయండి. తుపాకీ తాళం వేసిన ఇనుప బీరువాలో, బోల్టు వేరేచోట తాళం కింద, తూటాలు మూడోచోట. బీరువాలో తేమ పీల్చే పొట్లాలు వేయండి. తోలు లేదా గుడ్డ సంచిలో చుట్టి దాచవద్దు, అది తేమను పట్టి ఉంచుతుంది. గ్యారేజీ పనికి తీసిన ఫొటోలు, గన్‌స్మిత్ రాసిచ్చిన కొలతలు, ముద్రలు రాసుకున్న నోటుపుస్తకం కలిపి అదే బీరువా పై అరలో ఉంచండి. ఆ తుపాకీని రేపు ఎవరు విప్పినా ముందు వాటినే అడుగుతారు.